పదే పదే తప్పు చేసేవాడు ప్రార్థన చేయవచ్చా?

తప్పకుండా చేయవచ్చు; క్రైస్తవ విశ్వాసంలో ప్రార్థించడానికి ముందుగా మంచివాడై ఉండాలన్న షరతేమీ లేదు. క్షమాపణను మనం నడవడికతో సంపాదించుకోలేం, దేవుడు దాన్ని కృపతో ఉచితంగా ఇస్తాడు. పడిపోయినవాడికే అది ఎక్కువ అవసరం కదా!

యేసు శిష్యుడైన పేతురునే చూడండి. యేసును పట్టుకెళ్లిన రాత్రి, బొగ్గుల మంట రాజేసిన ప్రధాన యాజకుడి ముంగిట్లో, తాను ఆయన శిష్యుణ్ణి కానని మూడుసార్లు బొంకాడు. వెంటనే కోడి కూసింది. యేసు చనిపోయి తిరిగి లేచిన తర్వాత (పునరుత్థానం తర్వాత) తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ బొగ్గుల మంటే కనిపిస్తుంది, ఈసారి దానిమీద చేపలు. బైబిల్లోని యోహాను సువార్త రెండుచోట్లా ఆ నిప్పుల్ని మరవకుండా చెప్పడం నాకెంతో ఆదరణగా ఉంటుంది. అక్కడ యేసు "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగాడు. అడిగిన ప్రతిసారీ తన గొర్రెలను, అంటే తనను నమ్మినవాళ్లను, చూసుకునే పని పేతురుకే అప్పగించాడు.

"ముందు బాగుపడి, తర్వాత దేవుడి దగ్గరికి వెళ్తాను" అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఉన్నవాళ్లం ఉన్నట్టే ముందు ఆయన దగ్గరికి రావాలి, మార్పు ఆ తర్వాత మొదలవుతుంది. క్షమాపణ ఎలాగూ ఉందని తెలిసి తెలిసి తప్పు చేయడం మాత్రం మారుమనస్సు అనిపించుకోదు.