తిండి, తూటాలు డబ్బుకి అమ్మే జాంబీ గేమ్ కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు నలుగురు స్నేహితులు కలిసి, ఇంకా ఎర్లీ యాక్సెస్‌లోనే (అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టిన దశలోనే) ఉన్న ఒక మల్టీప్లేయర్ జాంబీ సర్వైవల్ గేమ్ కొందామనుకుంటున్నారు. గేమ్‌కి డబ్బు కట్టాక లోపల మళ్లీ ఒక స్టోర్ ఉంది. అందులో తిండి, కట్లు, తూటాలు ఉన్న పెట్టెలు అమ్ముతున్నారు. "పెట్టెలో దొరికేది కొంచెమే, ఇది పే టు విన్ (డబ్బు కట్టినవాడే గెలిచే ఆట) కాదు" అని డెవలపర్లు చెబుతున్నారు. నమ్మొచ్చా అని అడిగారు.

ఆ స్టోర్ అలాగే ఉన్నంతకాలం కొనొద్దనే నా సలహా. నేను ఒకసారి నమ్మాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఒక విషయం. మామూలు షూటింగ్ గేమ్‌లో తుపాకీ ఒక పనిముట్టు. మ్యాచ్ మొదలవ్వగానే చేతికొస్తుంది, దాంతో ఎంత బాగా కాల్చారన్నదే ఆట. సర్వైవల్ గేమ్‌లో అలా కాదు. అక్కడ తుపాకీ దొరకడమే ఆట. 2016లో హాస్టల్లో స్నేహితుడి కంప్యూటర్ మీద మొదటిసారి డేజీ అనే జాంబీ సర్వైవల్ గేమ్ ఆడాను. గంటసేపు సముద్రం ఒడ్డున ఊళ్లన్నీ తిరిగితే ఒక బీన్స్ డబ్బా దొరికింది. తెరవడానికి చేతిలో కత్తి లేదు. కత్తి కోసం ఇంకో ఊరికి పరిగెత్తాను, దారిలో ఆకలితో స్క్రీన్ రంగు వెలిసిపోతోంది. ఆ డబ్బా తెరిచి తిన్నప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. అదే డబ్బాను స్టోర్‌లో పది రూపాయలకి పెడితే ఆ గంట మొత్తం అర్థం లేనిదైపోతుంది. అందుకే ఈ రకం గేముల్లో "కొంచెమే ఇస్తున్నాం" అన్న మాటకి విలువ లేదు. ఏదీ సరిపడా దొరకకపోవడం మీదే ఆట మొత్తం నిలబడి ఉంటుంది.

ఈ గొడవ కొత్తదేం కాదు. హెచ్1జెడ్1 అనే జాంబీ సర్వైవల్ గేమ్ సంగతి మీరు వినే ఉంటారు. 2015 జనవరి 15న 20 డాలర్ల ధరతో స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది. అంతకుముందు ఏడాది, దాన్ని తయారుచేసిన సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్‌కి అప్పటి అధిపతి జాన్ స్మెడ్లీ తుపాకులు, తూటాలు, తిండి, నీళ్లు అమ్మబోమని, ఆటంతా వాటిలోనే ఉందని చెప్పాడు. నిజమైన మాట. తీరా గేమ్ వచ్చిన రోజు చూస్తే, అసలు డబ్బు పెట్టి ఎయిర్‌డ్రాప్ టికెట్లు కొనుక్కోవచ్చు. టికెట్ వాడితే విమానం వచ్చి పెట్టె పడేస్తుంది, అందులో తుపాకీ ఉండే అవకాశం ఉంది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. ఆ పెట్టె ఎవరైనా ఎత్తుకుపోవచ్చు కదా, కొన్నవాళ్లకే దక్కుతుందని లేదు కదా అని కంపెనీ వాదించింది. వాదనలో కొంత నిజం ఉంది, కానీ విమానం ఎప్పుడు వస్తుందో డబ్బు కట్టినవాడికి ముందే తెలుసు. చివరికి ఆ పెట్టె ఇంకా దూరంగా పడేలా, దాని చుట్టూ జాంబీలు ఎక్కువ చేరేలా, తుపాకీ దొరికే అవకాశం తగ్గేలా మార్చారు. నచ్చనివాళ్లకి డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా, ఆ విషయంలో మెచ్చుకోవాలి. ఏడాది తర్వాత ఆ గేమ్ రెండుగా చీలింది. సర్వైవల్ భాగం జస్ట్ సర్వైవ్ పేరుతో నడిచి 2018 అక్టోబర్‌లో మూతపడింది. మూతపడింది ఎయిర్‌డ్రాప్ వల్లేనని నేను అనను. ఆ మొదటి వారంలో పోయిన నమ్మకం మాత్రం తిరిగి రాలేదని నా అభిప్రాయం.

ఇంకా పాతది ది వార్ జెడ్ అనే జాంబీ గేమ్. 2012 డిసెంబర్‌లో స్టీమ్‌లోకి వచ్చి రెండు మూడు రోజుల్లోనే అమ్మకాల నుంచి తొలగిపోయింది. పేజీలో రాసిన ఫీచర్లలో కొన్ని గేమ్‌లో లేనే లేవు. అందరికీ గుర్తున్నది ఈ భాగం, కానీ మీ ప్రశ్నకి సంబంధించింది ఇంకొకటి. చచ్చిపోయాక మళ్లీ అదే క్యారెక్టర్‌తో ఆడాలంటే నాలుగు గంటలు ఆగాలి. ఆగలేకపోతే డబ్బు పెట్టి కొన్న కాయిన్లతో వెంటనే లేవొచ్చు. తుపాకులు అమ్మలేదు. శిక్ష వాళ్లే వేశారు, ఆ శిక్షను తప్పించే దారి వాళ్లే అమ్మారు. "మేం ఆయుధాలు అమ్మట్లేదు" అని మీ డెవలపర్లు రాస్తే, చావుకి ఎంత నష్టమో, ఆ నష్టాన్ని తగ్గించేది ఏదైనా స్టోర్‌లో ఉందో చూడండి. వేచి ఉండే సమయం, బ్యాగులో అదనపు చోటు, చచ్చినా సామాను పోకుండా ఇన్సూరెన్స్ లాంటివి, ఇవన్నీ ఆయుధాలే.

ఇక నా సొంత అనుభవం. గేమ్ పేరు చెప్పను, చిన్న స్టూడియో.

2021లో సెకండ్ వేవ్ రోజులు. నేను హైదరాబాద్ నిజాంపేటలో రూములో ఇరుక్కుపోయాను. ఒకడు ఖమ్మంలో, ఒకడు డాలస్‌లో, ఇంకొకడు నరసరావుపేటలో మందుల షాపు చూసుకునేవాడు. వాడిని మేమంతా బావా అని పిలుస్తాం. షాపు కట్టేసి, ఇంటికెళ్లి స్నానం చేసి, శని, ఆదివారాల్లో రాత్రి పదింటికి వచ్చేవాడు. అప్పటికి డాలస్‌లో పొద్దున పదకొండున్నర. సర్వర్ సింగపూర్‌లో ఉండేది కాబట్టి మాకు పింగ్ (సర్వర్ నుంచి స్పందన రావడానికి పట్టే సమయం) ఫర్వాలేదు, డాలస్ వాడు మాత్రం నత్తనడకే. అయినా ఆ రోజుల్లో మేం నలుగురం కలిసి కూర్చునే చోటు అదొక్కటే.

బావ గురి అంతంతమాత్రం. కానీ మ్యాప్ మొత్తం వాడి బుర్రలో ఉండేది. ఏ ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ ఎక్కువ దొరుకుతాయి, ఏ గోదాముకి వెనకవైపు నుంచి వెళ్తే జాంబీలు తక్కువ, అన్నీ షాపు బిల్లు పుస్తకం వెనక పేజీల్లో గీసుకునేవాడు. ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాడు. ఎవడికైనా గాయం చీము పడితే "బావా, ఎటు?" అని అడిగేవాళ్లం, వాడు దారి చెప్పేవాడు. మా జట్టు బతికింది వాడి వల్లే.

మూడో అప్‌డేట్‌తో స్టోర్ వచ్చింది. 399 రూపాయల పెట్టెలో తిండి, కట్లు, మందులు, రెండు తూటాల మ్యాగజీన్లు. దాన్ని చూపించే చోటు గురించి మీకు చెప్పాలి. అంతవరకు చచ్చిపోతే నల్ల స్క్రీన్ మీద ఒక్క బటనే ఉండేది, మళ్లీ మొదలుపెట్టడానికి. ఇప్పుడు దాని పక్కనే పెట్టె బొమ్మ. మూడు గంటల కష్టం ఒక్క తూటాతో పోయి, గుండె దడదడలాడుతున్న క్షణంలో ఆ బొమ్మ కనిపిస్తుంది. మామూలప్పుడు 399 రూపాయలకి పదిసార్లు ఆలోచిస్తాను. ఆ క్షణంలో ఆలోచించలేదు, కొన్నాను. అది వాళ్లకి తెలుసు. తెలిసే అక్కడ పెట్టారు.

మొదట కొన్నది నేను కాదు, డాలస్ వాడు. వాడిది మంచి మనసు. మాకు రూపాయల్లో కష్టమని నలుగురికీ వాడే కొన్నాడు. అవతలి జట్టు కూడా కొంటోంది, మనం వెనకబడిపోతామన్నాడు. ఆ వారం మేం బాగా గెలిచాం. ఎవరికి గాయమైనా పెట్టె విప్పి మందు వేసుకోవడమే. రెండు వారాలయ్యాక నాకు తట్టింది, "బావా, ఎటు?" అని అడిగి ఎన్నాళ్లయిందో. వాడి దగ్గరున్నది దారి. సరుకు ఇంటికే వస్తుంటే దారి ఎవరికి కావాలి? ఒక ఆదివారం షాపులో పనుందన్నాడు. తర్వాతి శనివారం నిద్రొస్తోందన్నాడు. ఆ తర్వాత కారణం కూడా చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగాల్సింది.

పే టు విన్ అంటే ఎవడో డబ్బున్న అపరిచితుడు వచ్చి మనల్ని చంపడమే అని అందరూ అనుకుంటారు. మాకు అలాంటి జట్లూ తగిలాయి, కోపం వచ్చింది, పోయింది. కానీ మా ఆటను లోపలి నుంచి తినేసింది మా వాడు ప్రేమతో కొనిచ్చిన పెట్టెలే. మీరు నలుగురు కలిసి ఆడబోతున్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మీలో ఒకరి దగ్గర డబ్బు ఎక్కువ ఉంటుంది, ఒకరి దగ్గర తక్కువ ఉంటుంది. ఆట ఆ తేడాను మరిపించాలి.

కొన్నాళ్లకి సర్వర్ వైప్ అయింది. ఎర్లీ యాక్సెస్‌లో ఇది మామూలే, పెద్ద మార్పు వస్తే పాత ప్రపంచాన్ని చెరిపేయక తప్పదు. విప్పేసిన పెట్టెల సరుకంతా దాంతోపాటే పోయింది. తుడిచిపెట్టుకుపోయే చోట వస్తువులు అమ్మడం తప్పని నా గట్టి నమ్మకం.

ఎర్లీ యాక్సెస్ అంటేనే మోసమని మాత్రం అనుకోకండి. ప్రాజెక్ట్ జాంబాయిడ్ 2013 నవంబర్‌లో స్టీమ్ ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది, దశాబ్దం దాటినా ఆ ముద్ర తీయలేదు. ఒకసారి కొంటే చాలు, లోపల స్టోర్ లేదు, సర్వర్ మీరే పెట్టుకోవచ్చు. 7 డేస్ టు డై 2013 డిసెంబర్ నుంచి 2024 జులై దాకా ఎర్లీ యాక్సెస్‌లోనే ఉంది. అన్‌టర్న్‌డ్‌ని కెనడాకి చెందిన నెల్సన్ సెక్స్‌టన్ అనే కుర్రాడు 2014లో పదహారేళ్ల వయసులో ఉచితంగా విడుదల చేశాడు. డబ్బు తీసుకున్నది 5 డాలర్ల గోల్డ్ అప్‌గ్రేడ్‌కి, క్యారెక్టర్ల వేషాలకి. డేజీ ప్రైవేటు సర్వర్లలో కూడా డబ్బు కట్టినవాళ్లకి క్యూలో ముందు చోటు ఇవ్వచ్చు గానీ, ఆటలో పైచేయి అమ్మకూడదని కంపెనీ నియమం. అంటే డబ్బు సంపాదించే మర్యాదైన దారులు ఉన్నాయి, వెతుక్కోవాలంతే. టోపీ, చొక్కా అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. అయినా ఆ చొక్కా అడవిలో కనపడకుండా దాక్కోవడానికి పనికొచ్చే రంగులో ఉందేమో ఒకసారి చూడండి.

"1.0 (పూర్తయిన వెర్షన్) వచ్చేసరికి స్టోర్ మారుస్తాం" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. ఈ రోజు డౌన్‌లోడ్ అయ్యేదానికే డబ్బు కడుతున్నారు. అది నచ్చితేనే కొనండి.

ఒకవేళ ఇప్పటికే కొనేసి ఉంటే, స్టీమ్‌లో 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు రీఫండ్ అడగొచ్చు. ఎర్లీ యాక్సెస్ గేమ్‌కీ ఇదే లెక్క. సర్వైవల్ గేమ్‌లో రెండు గంటలు ఒక ఊరు వెతికేలోపే అయిపోతాయి. కాబట్టి తెరిచిన వెంటనే ముందు స్టోర్ చూడండి, తర్వాత కావాలనే ఒకసారి చచ్చిపోయి ఆ స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చూడండి. పదిహేను నిమిషాల పని. నలుగురూ ఎవరి అకౌంట్ నుంచి వాళ్లే రీఫండ్ పెట్టుకోవాలి, ఒకరు పెడితే మిగతా ముగ్గురికి రాదు.