పేపర్లో తప్పుడు వార్త వస్తే ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లి లాభం ఉందా?

మీ అన్నయ్య షాపు గురించి పేపర్లో తప్పు రాశారనీ, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కి జరిమానా వేసే అధికారం కూడా లేదు కాబట్టి అక్కడికి వెళ్లడం దండగ కాదా అనీ అడిగారు. దండగ కాదు. కానీ మొదటి మెట్టు ఎడిటర్‌కి ఉత్తరం.

ఇక్కడ చెన్నైలో మా బాబాయి విషయంలో దగ్గరుండి చూశాను. చిట్టీల మోసంలో అరెస్టయిన ఒకాయన వార్తకి ఒక తమిళ దినపత్రిక మా బాబాయి ఫోటో వేసింది. ఇద్దరి పేరూ ఒకటే, అంతే! వెస్ట్ మాంబళంలో తెలిసినవాళ్లే పలకరించకుండా తప్పుకుపోయారు. పిన్ని గుడికి వెళ్లడం కూడా మానేసింది.

ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అన్నారు, చూడలేదు. అప్పుడు తేదీ, పేజీ, ఏది తప్పు, ఏది నిజం అన్నీ రాసి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపాం. లోపలి పేజీలో ఓ మూలన మూడు లైన్ల సవరణ వేశారు. ఫోటో వేసిందేమో సిటీ పేజీలో, పైభాగాన! సవరణ వెంటనే, తగిన ప్రాధాన్యంతో వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. ఆ మాట ఎత్తి చూపుతూ, ఇక కౌన్సిల్‌కి వెళ్తామని మళ్లీ రాశాం. ఈసారి ఎడిటరే ఫోన్ చేశారు. సిటీ పేజీలోనే, ఆ ఫోటోలోని వ్యక్తికి కేసుతో సంబంధం లేదని స్పష్టంగా వేశారు.

1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం ప్రకారం కౌన్సిల్ చేయగలిగింది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం మాత్రమే. అది చాలదని నాకూ అనిపిస్తుంది. అలాగని జరిమానాల అధికారం ప్రభుత్వం చేతిలో పెడదామంటే ఒప్పుకోను. ఎమర్జెన్సీలో ప్రభుత్వం అప్పటి ప్రెస్ కౌన్సిల్‌నే రద్దు చేసింది కదా. తప్పు దిద్దే మనిషి పత్రికలోనే ఉండాలి. చెన్నై నుంచే వచ్చే 'ది హిందూ' 2006లో పాఠకుల ఫిర్యాదులు చూడటానికి రీడర్స్ ఎడిటర్‌ని పెట్టింది. ప్రతి పత్రికా ఆ పని చేయాలి.

మీ ఎడిటర్ పట్టించుకోకపోతే ఆలస్యం చేయకండి. దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు కౌన్సిల్‌కి ఫిర్యాదు చేరాలి. వార్త క్లిప్పింగ్, దాని ఇంగ్లీషు అనువాదం, ఎడిటర్‌కి రాసిన ఉత్తరం కాపీ, కోర్టులో కేసు లేదన్న డిక్లరేషన్ జతచేయాలి. కోర్టులో ఉన్న విషయాన్ని కౌన్సిల్ తీసుకోదు. కాబట్టి పరువునష్టం కేసు వేసే ఆలోచన ఉంటే ముందే లాయర్‌తో మాట్లాడి ఏ దారో తేల్చుకోండి.