చీటీ పాడి అమెరికా సర్టిఫికెట్ చేయించాలా?

అమ్మా, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, పూర్తి చేసి రెండేళ్లయింది, గుంటూరు కొత్తపేటలో ఒక క్లినిక్‌లో 14 వేలకు చేస్తోంది, మీవారు మిర్చి యార్డులో గుమాస్తా. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీవాళ్లు అమెరికా యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఇచ్చే రిహాబిలిటేషన్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఒకటి చూపించి, మొత్తం 15 క్రెడిట్లు, క్రెడిట్‌కి 500 డాలర్లు, ఇంత చవకగా ఇంకెక్కడా దొరకదు, ఇది చేస్తే అక్కడ ఫిజియో ఉద్యోగానికి దారి పడినట్టే అన్నారు. అందుకోసం ఈ నెల చీటీ పాడేయమంటారా అని అడిగారు.

పాడకండి. ఈ కోర్సు కోసమైతే అసలు పాడకండి.

ముందు లెక్క చూద్దాం. 15 క్రెడిట్లంటే 7,500 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 6,75,000. మీ అమ్మాయి ఇప్పటి జీతంతో చూస్తే నాలుగేళ్లు పైసా ఖర్చు పెట్టకుండా దాచిన డబ్బు అది. పైగా క్రెడిట్ రేటు ఒక్కటే ఫీజు కాదు, అప్లికేషన్‌కి, టెక్నాలజీ ఫీజని, డబ్బు పంపినందుకు బ్యాంకువాళ్లకి, ఇవన్నీ వేరేగా పడతాయి. క్లాసులు లైవ్ అయితే వాళ్ల సాయంత్రం మనకు తెల్లవారుజాము, రోజంతా క్లినిక్‌లో నిలబడి పనిచేసే పిల్ల ఆ టైమ్‌కి లేచి ఏడాదిపాటు చదవాలి, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇంత పెట్టి వచ్చేదేమిటి? గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే అక్కడ డిగ్రీ అయినవాళ్లు ఏదో ఒక చిన్న విషయంలో నాలుగైదు సబ్జెక్టులు అదనంగా చదువుకునే ఏర్పాటు. మామూలుగా 12 నుంచి 18 క్రెడిట్లు ఉంటుంది. అప్పటికే లైసెన్స్ ఉండి, ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. లైసెన్స్ లేనివాళ్లకు లైసెన్స్ తెచ్చిపెట్టదు. అమెరికాలో ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే ఎన్‌పీటీఈ అనే పరీక్ష పాసవ్వాలి, ఏ రాష్ట్రంలో చేస్తారో ఆ రాష్ట్రం లైసెన్స్ ఇవ్వాలి. ఇప్పుడు అక్కడి కాలేజీల్లో ఫిజియోథెరపీ మొదటి చదువే డాక్టరేట్, డీపీటీ అంటారు. మన బీపీటీ దానికి ఎంతవరకు సరిపోతుందో ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థలు మార్కుల పత్రాలు, సిలబస్ చూసి లెక్కగట్టి, ఏవేవి తక్కువ పడ్డాయో చెప్తాయి. నిజంగా అమెరికా ఆలోచనే ఉంటే ముందు ఆ లెక్క కట్టించుకోవాలి, తక్కువపడ్డ సబ్జెక్టులకే తర్వాత డబ్బు కట్టాలి. కన్సల్టెన్సీవాళ్లు మిమ్మల్ని తిరగేసి నడిపిస్తున్నారు.

మా ఇంట్లోనే జరిగిన సంగతి ఒకటి చెప్తాను. మా అక్క కూతురు సైకాలజీ డిగ్రీ చేసి, పిల్లల థెరపీ అని ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఒకటి 60 వేలు కట్టి చేసింది. కట్టేముందు నన్ను అడిగింది, సిలబస్ బాగుందని నేనూ కట్టమన్నాను. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రికి ఇంటర్వ్యూకి వెళ్తే వాళ్లడిగిన మొదటి ప్రశ్న, ఆర్‌సీఐ నంబరు ఎంతమ్మా అని. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదైతే ఇచ్చే నంబరు అది. నంబరు లేదు, ఆ కోర్సుతో వచ్చేదీ కాదు. సిలబస్ చూశాను గానీ ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఎవరు ఏ కోర్సు చూపించినా ముందు రిజిస్ట్రేషన్ సంగతే అడుగుతాను.

ఈ రిజిస్ట్రేషన్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. రిహాబిలిటేషన్ అని ఒకే మాట వాడుతున్నా మన దేశంలో రెండు చట్టాలున్నాయి. స్పీచ్ థెరపీ, ఆడియాలజీ, స్పెషల్ ఎడ్యుకేషన్, క్లినికల్ సైకాలజీ, కృత్రిమ అవయవాల పని, ఇవన్నీ 1992లో వచ్చిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కిందికి వస్తాయి. ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాదివరకు జైలుశిక్ష వేసే వీలుంది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మాత్రం 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి వెళ్తాయి. మీ అమ్మాయి ఫిజియో కాబట్టి ఆమెది రెండోది. బీపీటీతో వచ్చే గుర్తింపుకి ఈ అమెరికా కాగితం ఏమీ కలపదు. ఇంకో మాట, ఫిజియోథెరపీ డిగ్రీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. రేపు ఎవరైనా ఇంట్లో కూర్చుని ఎంపీటీ, అంటే ఫిజియోలో పీజీ, చేయొచ్చంటే నమ్మొద్దు.

మరి ఏం చేయించాలి అంటే, అది మీ అమ్మాయి రోజూ చూసే పేషెంట్లను బట్టి ఉంటుంది. ఒక నోట్‌బుక్ పెట్టి నెలరోజులు రాయమనండి: పక్షవాతం వచ్చినవాళ్లు ఎంతమంది, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు ఎంతమంది, సెరిబ్రల్ పాల్సీ పిల్లలు ఎంతమంది, ఎవరి దగ్గర తనకు చెయ్యి ఆడటం లేదు. ఏ కోర్సు కావాలో ఆ నోట్‌బుక్ చెప్తుంది.

పిల్లల వైపు మనసుంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, బుద్ధి ఎదుగుదలలో లోపం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, గుంటూరు నుంచి నేరుగా రైలుంది. చిన్నపిల్లల్లో లోపాన్ని ముందే గుర్తించి థెరపీ మొదలుపెట్టడం మీద పీజీ డిప్లొమా నడిపిన చోటు అది. ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ కోర్సు ఉందా, బీపీటీవాళ్లను తీసుకుంటున్నారా అని చూసుకుని అప్లై చేయమనండి. నెల్లూరులో వికలాంగుల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ అంటారు, అది కూడా వాళ్లదే, ఒకరోజు వెళ్లి అక్కడి థెరపిస్టులతో మాట్లాడి వస్తే మంచిది.

పక్షవాతం పేషెంట్లు ఎక్కువైతే, లేదా ముందుముందు కాలేజీలో పాఠం చెప్పాలని ఉంటే, సర్టిఫికెట్లు వదిలేసి రెండేళ్ల ఎంపీటీ న్యూరోకి, అంటే నరాల జబ్బుల విభాగానికి, వెళ్లడమే మేలు. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ చూడండి, తిరుపతి స్విమ్స్ చూడండి, ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ రిహాబిలిటేషన్ సంస్థ ఎంట్రన్స్ కూడా రాయించండి. చదువు లోను విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టుకోవచ్చు, 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. ఆ లోనుకు బ్యాంకువాళ్లు అన్నిటికన్నా ముందు కాలేజీకి గుర్తింపు ఉందా అని చూస్తారు. కన్సల్టెన్సీ చెప్పిన కోర్సుని కూడా ఒకసారి మీ బ్యాంకు మేనేజరు ముందు పెట్టి చూడండి, ఆయన ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

రెండేళ్లు జీతం పోతే ఇల్లు గడవదనుకుంటే చిన్న వర్క్‌షాపులున్నాయి, చేతులతో చేసే మాన్యువల్ థెరపీ, పక్షవాతం పేషెంట్లకు వాడే బోబాత్ పద్ధతి, కండరాలకు టేపు వేసే టేపింగ్ లాంటివి, ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాల్లో వెళ్లొచ్చు. వీటికి గుర్తింపు ఉండదు, చేతికి పని మాత్రం వస్తుంది, మంచి గురువు దొరికితే. బ్యాచ్‌లో ఎంతమంది, నిజమైన పేషెంటు మీద ఎన్ని గంటలు చేయిస్తారు, నేర్పేవాళ్లు ఇప్పటికీ పేషెంట్లను చూస్తున్నారా, ఇవి అడగమనండి. వంద మంది కూర్చుని తెరమీద స్లైడ్లు చూసే వర్క్‌షాపు ఐదు వేలకి వచ్చినా దండగే. అమెరికాలో చేతి థెరపీలో స్పెషలిస్టు అనిపించుకోవడానికి లైసెన్స్ వచ్చాక కనీసం మూడేళ్ల అనుభవం, చేతి కేసుల మీదే 4,000 గంటల పని చూపించి, ఆ తర్వాత పరీక్ష రాయాలి. వాళ్లు కూడా చేసిన గంటలే లెక్కపెడతారు.

అమెరికా సర్టిఫికెట్ ఎప్పుడూ వద్దని నేను అనను. రేపు పెళ్లై అక్కడికి వెళ్లి, లైసెన్స్ తెచ్చుకుని, ఉద్యోగంలో చేరాక ఆ ఆసుపత్రివాళ్లే ఫీజులో కొంత భరిస్తామంటే అప్పుడు నిశ్చింతగా చేయొచ్చు.

వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే మీరు వాదన పెట్టుకోకండి. మూడు విషయాలు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి: ఈ కోర్సుతో ఏ లైసెన్స్ వస్తుంది, అన్నీ కలిపి ఎంత కట్టాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు. రాసిస్తే ఆ కాగితం ఫొటో నాకు పంపండి, చదివి చెప్తాను. మీ అమ్మాయిని మాత్రం నోట్‌బుక్ రేపే మొదలుపెట్టమనండి, నెల తిరిగాక ఒక ఆదివారం తననే నాకు ఫోన్ చేయమనండి.