సబ్బు తుక్కు కొత్త సబ్బులో వెయ్యొచ్చు, కానీ కాస్టిక్ లెక్కలో కలపకండి

మీరు అడిగింది ఇదీ కదా: ఇంట్లో కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి పొయ్యి మీద ఉడికించకుండా, సబ్బులు చేస్తున్నారు. అంచులు చెక్కగా వచ్చిన తుక్కు, బాత్‌రూంలో అరిగిపోయిన బిళ్లలు కలిసి డబ్బా నిండిపోయింది. వాటిని కొత్త సబ్బులో వేస్తే నెల తిరిగేసరికి ముక్కల చుట్టూ పగుళ్లొచ్చాయి, రుద్దుకుంటుంటే ముక్కలు ఊడి చేతిలోకి వచ్చేస్తున్నాయి. తుక్కు వేసినప్పుడు కాస్టిక్ సోడా పెంచాలా, తగ్గించాలా అన్నది రెండో ప్రశ్న.

రెండోదానికే ముందు జవాబు చెప్తాను. పగుళ్లొస్తే సబ్బు చూడ్డానికి బాగుండదు, అంతే. కాస్టిక్ తప్పితే ఒళ్లు మండుతుంది. పెంచొద్దు, తగ్గించొద్దు. తుక్కు అసలు లేనట్టే లెక్క వెయ్యండి. నూనె, కాస్టిక్ కలిస్తేనే సబ్బు, గ్లిసరిన్ అవుతాయి. తుక్కు ఎప్పుడో సబ్బయిపోయింది, దాని వాటా కాస్టిక్ అది తినేసింది. భోంచేసి వచ్చినవాడికి మళ్లీ విస్తరేస్తే వడ్డించిందంతా మిగిలిపోదూ? ఇక్కడ మిగిలిపోయేది కాస్టిక్.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. సబ్బులు మొదలుపెట్టిన కొత్తలో ఉత్త కొబ్బరి నూనెతోనే చేసేదాన్ని. మాది రాజమండ్రి, అంబాజీపేట నుంచి వచ్చే నూనె మా వీధి చివరే దొరుకుతుంది, అందుకని. ఒకసారి 800 గ్రాముల నూనెకి లెక్క రాసుకున్నాను. తీరా చూస్తే ఇంట్లో 600 గ్రాములే ఉంది. పక్కన 200 గ్రాముల తుక్కు కనిపించింది. అదీ కొబ్బరి నూనె సబ్బే కదా, సరిపోతుందిలే అనుకుని 800 గ్రాములకి రాసుకున్న కాస్టిక్ మొత్తం పోసేశాను. లెక్క చూడండి: గ్రాము కొబ్బరి నూనెకి సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ పడుతుంది. 800 గ్రాములకి 146, కాస్టిక్ మిగలకుండా జాగ్రత్తకి అందులో 5 శాతం తగ్గిస్తే 139. నిజంగా ఉన్న 600 గ్రాముల నూనె పూర్తిగా సబ్బవడానికి 110 చాలు. అంటే దాదాపు 29 గ్రాముల కాస్టిక్ దేనితోనూ కలవకుండా సబ్బులోనే కూర్చుంది.

మర్నాడు మౌల్డ్‌లోంచి తీస్తే చూడ్డానికి ముద్దుగానే ఉంది. కోస్తుంటే కత్తి కింద సుద్దలా పొడి రాలింది. మధ్యలో రెండు చోట్ల చిన్న గుంటలు, వాటిలో చెమ్మ. తడి వేలు సబ్బు మీద రుద్ది నాలుక కొనకి తాకించాను. చురుక్కుమంది, పెట్టెలా ఉండే 9 ఓల్ట్ బ్యాటరీని నాలుకకి ఆనించినట్టు. సబ్బు పని చేసేవాళ్లు దీన్ని జాప్ టెస్ట్ అంటారు. మంచి సబ్బయితే నోరంతా సబ్బు రుచి తప్ప ఇంకేం తెలియదు. నాకక్కూడదు సుమా, వేలితో తాకించి వెంటనే నోరు కడుక్కోవాలి.

పసుపు నీళ్లతో కాస్టిక్ మిగిలిందో లేదో తెలిసిపోతుందని కొందరు చెప్తారు. నమ్మకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది క్షారం వల్లే. కానీ మంచి సబ్బు కూడా క్షారమే. పసుపు మరక పడ్డ చీరని సబ్బుతో ఉతికితే మరక ఎర్రబడటం మనందరం చూసిందే. కాబట్టి పసుపు అన్ని సబ్బులకీ ఎర్రజెండా ఊపుతుంది.

ఆ బ్యాచ్‌ని పారెయ్యలేదు. గ్లవుజులు వేసుకుని మొత్తం తురిమి, లెక్కలో ఉండి గిన్నెలో లేని ఆ 200 గ్రాముల నూనె తెచ్చి పోసి, మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో స్టీలు గిన్నె పెట్టి గంటన్నర ఉడికించాను. మళ్లీ జాప్ టెస్ట్ చేశాను, చురుకు పోయింది. అందం మాత్రం పోయింది, అట్లకాడతో దిద్దిన ఉప్మాలా తయారయ్యాయి బిళ్లలు. అత్తయ్య చూసి "ఇది సబ్బా, అల్లం మురబ్బానా?" అన్నారు. (కాస్టిక్ 5 శాతమే తగ్గిస్తే ఉత్త కొబ్బరి నూనె సబ్బు ఒంటిని బాగా పొడిబారుస్తుంది. ఇప్పుడు ఎప్పుడైనా చేస్తే 20 శాతం తగ్గిస్తున్నాను. అది వేరే సంగతి.)

ఇక పగుళ్ల సంగతి. మీరు వేసిన తుక్కు ఎన్నాళ్లదో రాయలేదు కానీ, డబ్బా నిండేదాకా పోగేశారంటే నెలల నాటిదే అయ్యుంటుంది. తేడా అక్కడే వస్తుంది. కొత్త సబ్బులో నీళ్లు చాలా ఉంటాయి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరుతూ కొంచెం కొంచెంగా కుంచించుకుపోతుంది. ఎండిపోయిన ముక్క ఇంక కుంచించుకోదు. చుట్టూ ఉన్నది బిగుసుకుంటుంటే మధ్యలో ఉన్నది రాయిలా కూర్చుంటుంది, దాంతో చుట్టూ సన్నటి బీట వస్తుంది. పైగా మీరు ముక్కల్ని పెద్దపెద్దగా కోసుంటే ఇక చెప్పక్కర్లేదు.

నేను ఇప్పుడు ఎలా చేస్తున్నానంటే, బిళ్లలు కోసిన రోజే అంచులు చెక్కి, ఆ తుక్కుని జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి మూస్తాను. కవరు మీద తారీకు, ఏ నూనెలు, ఏ వాసన అన్నది రాస్తాను. రెండు మూడు వారాల్లోపు వాడేస్తే జున్నుముక్కలా మెత్తగా ఉంటుంది, కొత్త సబ్బుతో బాగా అతుక్కుంటుంది. మరీ ఎండిపోయిందా, క్యారెట్ తురిమే పీట మీద సన్నగా తురిమి, నీళ్లు చిలకరించి, మూతపెట్టి రాత్రంతా ఉంచుతాను. చిన్న తురుము కుంచించుకోకపోయినా బీటలు వచ్చేంత బలం దానికి ఉండదు.

కిలో నూనెలకి 200 గ్రాములకి మించి వెయ్యను. ఇంకా ఎక్కువ వేసేవాళ్లూ ఉన్నారు, కుదురుతుంది కూడా, కానీ అప్పుడు ముక్కల మధ్య గాలి చేరి సబ్బు జల్లెడలా తయారవుతుంది. నా నూనెలు ఇప్పుడు కొబ్బరి 350, తవుడు నూనె 350, పామాయిల్ 200, ఆముదం 100. కాస్టిక్ ఎంతో సోప్ క్యాలిక్యులేటర్‌లో మీ నూనెలు పెట్టి మీరే చూసుకోండి, ఒకరి అంకె ఇంకొకరు ఎత్తి రాసుకునే పని కాదిది. కాస్టిక్‌ని నీళ్లలో వెయ్యాలి గానీ కాస్టిక్ మీద నీళ్లు పొయ్యకూడదన్నది మీకు తెలిసే ఉంటుంది. గిన్నె స్టీలుదో, మందపాటి ప్లాస్టిక్‌దో వాడండి. అల్యూమినియం వద్దే వద్దు, కాస్టిక్ తగిలితే పొంగి హైడ్రోజన్ వదులుతుంది.

తుక్కు ఎప్పుడు వెయ్యాలన్నది చేతికి అలవాటయ్యే సంగతి. హ్యాండ్ బ్లెండర్ తిప్పుతుంటే నూనె, కాస్టిక్ నీళ్లు కలిసి మొదట మజ్జిగలా, తర్వాత దోసెల పిండిలా అవుతాయి. గరిట ఎత్తి జారవిడిస్తే ధార పడ్డచోట గీత ఒక్క క్షణం నిలబడి మునిగిపోవాలి. అప్పుడు బ్లెండర్ పక్కన పెట్టేసి, తుక్కు పోసి, గరిటతోనే కలపాలి. బ్లెండర్‌తో కలిపితే ముక్కలు ముక్కలుగా మిగలవు, అంతా బురద రంగు. ప్రతి ముక్కకీ పిండి పట్టాలి, పులిహోరలో అన్నానికి పులుసు పట్టినట్టు. మౌల్డ్‌లో పోశాక బల్ల మీద పదిసార్లు గట్టిగా తట్టండి. ముక్కల మధ్య చేరిన గాలి ఈ తట్టడంలోనే పోతుంది.

రంగుల గురించి ఒక మాట. పసుపు వేసిన సబ్బు తుక్కుని తెల్ల సబ్బులో వేస్తే బంగారు చుక్కల్లా కనిపిస్తుందని ఆశపడ్డాను. పచ్చి పిండి తగలగానే ఇటుక రంగుకి తిరిగింది, ఆరాక ఆవపిండి రంగులో ఆగింది. బాగానే ఉంది కానీ నేననుకున్నది అది కాదు. వెనిల్లా వాసన వేసిన తుక్కు గోధుమ రంగుకి తిరుగుతుంది, చుట్టూ ఉన్న తెల్లదనానికీ ఆ రంగు పాకుతుంది.

ఇక బాత్‌రూం బిళ్లలు. వీటి విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. కొన్న సబ్బుల తుక్కు నేను కొత్త సబ్బులో వెయ్యను. అందులో ఏముందో మనకి తెలియదు. అట్ట మీద టాయిలెట్ సోప్ అని ఉంటే అది నిజంగా సబ్బే, గ్రేడ్ 1 అయితే టీఎఫ్ఎం, అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం, 76 శాతానికి తగ్గకూడదు. బేతింగ్ బార్ అని ఉంటే ఆ అంకె బాగా తక్కువ ఉండొచ్చు, మిగతాది ఫిల్లర్లో, వేరే డిటర్జెంట్లో. డవ్ లాంటివి ప్రధానంగా సింథటిక్ డిటర్జెంట్‌తో చేసినవి, మన నూనె సబ్బు జాతి కాదు. ఇవన్నీ కలిసి అరిగిపోయాక ఏ ముక్క ఏదో మీరు గుర్తుపట్టగలరా? నేను పట్టలేను. పైగా తడి, వెంట్రుకలు, నలుగురి ఒంటి మురికి. మెల్ట్ అండ్ పోర్ (కరిగించి అచ్చులో పోసుకునే రెడీమేడ్ సబ్బు) తుక్కుంటే అదీ వేరుగా పెట్టండి, దాన్ని మళ్లీ కరిగించి పోసుకోవడమే సుఖం. పచ్చి సబ్బు వేడికి లోపల కరిగి జిగట మడుగు కట్టొచ్చు.

అలాగని పారెయ్యమనడం లేదు. మా అత్తయ్య ఏనాడూ సబ్బు ముక్క పారేసిన మనిషి కాదు. అరిగిన బిళ్లని తడిపి కొత్త బిళ్ల వీపున అంటించి ఒక రాత్రి వదిలేస్తారు, తెల్లారేసరికి రెండూ ఒకటే. అంటుకోని చిల్లర ముక్కలకి ఆవిడ ఉపాయం బీరపీచు. పాదుకి ముదిరి ఎండిన బీరకాయ తొక్క తీసి, గింజలు దులిపి, ఒక చివర కోసి లోపల ముక్కలు కూరుతారు. నోరు దారంతో కట్టి గచ్చు దగ్గర వేలాడదీస్తారు. పొలం నుంచి వచ్చిన కాళ్లు రుద్దుకోవడానికి అంతకంటే మంచిది లేదు. నురగ వస్తుంది, పీచు రుద్దుతుంది, ముక్క ఆఖరి రేకు దాకా కరుగుతుంది.

ముక్కలు నీళ్లలో మరిగించి హ్యాండ్‌వాష్ చేసుకోమని చాలామంది చెప్తారు. చేశాను. వేడిగా ఉన్నప్పుడు పలచగా, చల్లారితే చీమిడిలా సాగుతుంది. మన్నించాలి, ఇంకో మాట దొరకలేదు. ప్రిజర్వేటివ్ లేని నీళ్లు కాబట్టి నిల్వ ఉంచకూడదు, వారంలో అయిపోయేంతే చేసుకోండి. మీకు బోరు నీళ్లయితే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని తెల్లటి తెట్టు చేసేస్తాయి, ఫిల్టర్ నీళ్లు వాడాలి. నాకైతే గచ్చు కడగడానికి తప్ప పనికిరాలేదు.

మీ సొంత తుక్కు కిలో పైన ఉందంటే, అంతా కొత్త బ్యాచుల్లో ఖర్చు చేసేసరికి సంవత్సరం పడుతుంది. సగం రీబ్యాచ్ చేసెయ్యండి, అంటే కరిగించి మళ్లీ బిళ్లలు చెయ్యడం. 500 గ్రాములు తురిమి, 60 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద డబుల్ బాయిలర్‌లో, అంటే మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నెలో, పెట్టండి. తుక్కు బాగా ఎండిందైతే ఇంకో 30, 40 పడతాయి గానీ ఒక్కసారే పొయ్యొద్దు. ఎక్కువైన నీళ్లని మళ్లీ బయటికి తియ్యలేరు, బిళ్లలు ఆరేటప్పుడు వంకర్లు తిరుగుతాయి. పావుగంటకోసారి అడుగు నుంచి పైకి తిప్పండి, చిలకొద్దు, నురగ కడుతుంది. గంట, గంటన్నరకి అద్దంలా మెరుస్తూ ముద్దవుతుంది. సువాసన నూనె అప్పుడు వెయ్యండి. గరిటతో మౌల్డ్‌లోకి అదిమి, తట్టి, మర్నాడు తీసి, రెండు మూడు వారాలు ఆరబెట్టండి. నున్నగా రాదు. సబ్బు ఫ్యాక్టరీల్లో కూడా అచ్చు కొట్టాక మిగిలిన తుక్కుని మళ్లీ మిల్లులోకే పంపిస్తారు. వాళ్లకి నున్నగా నొక్కే యంత్రముంది, మనకి బొటనవేలుంది.

తురిమే ముందు మాత్రం డబ్బా మొత్తం ఒక తెల్ల గుడ్డ మీద పరిచి, వెలుతురులో చూడండి. నారింజ రంగు చుక్కలున్న ముక్కలు, పాత నూనె డబ్బా మూత తీసినట్టు కమురు వాసన కొట్టే ముక్కలు కనిపిస్తే తీసెయ్యండి. ఆ నూనె కుళ్లడం మొదలైంది, మంచి ముక్కలతో కలిపితే వాటినీ పట్టుకుంటుంది. తవుడు నూనె, సన్‌ఫ్లవర్ ఎక్కువ వేసిన సబ్బుల్లో ఇది త్వరగా వస్తుంది. మొన్న ఎండాకాలం నా డబ్బాలో మూడో వంతు అలాగే పోయింది, వాటితోనే మేడమెట్లు కడిగించాను.

అన్నట్టు, ఊడిపోతున్న ముక్కలున్న మీ పాత బిళ్లల్ని కూడా ఇదే పద్ధతిలో తురిమి కరిగించొచ్చు. అవి బాత్‌రూం తుక్కు కలిసినవైతే బట్టలకి వాడండి, ఒంటికి వద్దు. తుక్కు వేసినప్పుడు కాస్టిక్ పెంచినట్టు ఏమాత్రం అనుమానమున్నా వేటికీ వాడొద్దు, ముందు జాప్ టెస్ట్ చేసి, ఏమైందో ఇక్కడే రాయండి. ఎన్ని గ్రాముల నూనె, ఎంత కాస్టిక్, ఎంత తుక్కు వేశారో చెప్తే ఇంకా ఎంత నూనె పోస్తే సరిపోతుందో లెక్క కట్టి చెప్తాను.