మా బరంపురంలో కొత్త ఏడాది మూడుసార్లు వస్తుంది

కాలేజీ, ట్యూషన్, ఇంటి పనుల మధ్య ఊపిరి సలపని విద్యార్థికి కొత్త ఏడాది తీర్మానాలు నిజంగా పనికొస్తాయా, డిసెంబర్‌లో కూర్చుని వెనక్కి చూసుకుంటే ఏం చూసుకోవాలి అని అడిగారు. నా అనుభవంలో బాగానే పనికొస్తాయి. కాకపోతే పన్నెండు నెలలకు కలిపి ఒకేసారి రాసుకోకూడదు. మూడు నెలలకు సరిపడా రాసుకుని, ఆ గడువు రాగానే మళ్లీ తెరిచి చూసుకోవాలి. ఈ అలవాటు నాకు మా ఊరి క్యాలెండర్ వల్ల వచ్చింది. అదెలాగో చెబుతాను.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. ప్లస్ త్రీ రెండో ఏడాది చదువుతున్నాను, అంటే మీ దగ్గర డిగ్రీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సుగా ఏర్పడేదాకా మా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే ఇక్కడ ఏ వీధిలో చూసినా తెలుగు ఇళ్లు కనిపిస్తాయి. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. మా ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. పొద్దున్నించి రాత్రిదాకా మూడు భాషలూ మారుతూనే ఉంటాయి.

పండగలూ అంతే. జనవరి 1 అందరితో పాటు మాకూ వస్తుంది. కుర్రకారంతా పిక్నిక్‌లకు వెళ్తారు. ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాలపూర్ బీచ్‌లో ఆ రోజు కాలు పెట్టడానికి చోటుండదు. తర్వాత ఉగాది, అది తెలుగు ఇళ్లది. ఆ తర్వాత ఏప్రిల్ 14 ప్రాంతంలో పణా సంక్రాంతి, అది ఒడియావాళ్ల కొత్త సంవత్సరం. ఆ రోజు మారేడు గుజ్జు, బెల్లం కలిపిన పణా తాగుతారు. తులసి కోట మీద అడుగున చిన్న చిల్లున్న కుండ కట్టి, నీళ్లు చుక్కచుక్కగా మొక్క మీద పడేలా చేస్తారు. మా ఇంట్లో ఉగాది పచ్చడీ చేస్తారు, పణా కూడా చేస్తారు. చిన్నప్పుడు ఇది రెండు పండగలు, రెండు రకాల తిండి అనే సంబరం మాత్రమే. ప్లస్ త్రీలో చేరాకే దీన్ని నా చదువుకు వాడుకోవచ్చని తోచింది. జనవరిలో రాసుకున్నది ఉగాది రోజున ఒకసారి, పణా సంక్రాంతికి ఇంకోసారి తీసి చూడొచ్చు కదా. ఆ తర్వాత ఎండాకాలం సెలవులయ్యాక కాలేజీ తెరిచే రోజూ, దసరా ఎలాగూ ఉన్నాయి.

2025 జనవరిలో నేను మూడే రాసుకున్నాను. పొద్దున్నే చదువుకు కూర్చోవడం, చేతి ఖర్చులన్నీ నోట్‌బుక్‌లో రాయడం, ప్రతి లక్ష్మివారం, అంటే గురువారం, సాయంత్రం మామ్మకి తెలుగులో ఏదైనా చదివి వినిపించడం. ఫస్ట్ క్లాస్ తెచ్చుకోవాలి, ఫలానా పరీక్ష కొట్టాలి లాంటివి కావాలనే రాయలేదు. మార్కులు వేసేది వేరేవాళ్లు. పొద్దున్నే లేచి పుస్తకం తెరవడం మాత్రం నా చేతిలో పని. తీర్మానంలో నా చేతిలో ఉన్న పనే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

పొద్దుటి చదువు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. అమ్మా, పిన్నీ అప్పడాలు చేసి బడా బజార్‌లోని ఒక కొట్టుకు వేస్తారు. చలికాలమంతా మా డాబా మీద చాపలే. మినప్పిండిలో ఇంగువ నీళ్లు, మిరియాలు, జీలకర్ర వేసి గట్టిగా కలిపి, రోకలితో దంచి, చిన్న చిన్న ఉండలు చేస్తారు. నూనె రాసిన పీట మీద ఒత్తేటప్పుడు అంచు, మధ్య ఒకే మందంలో రావాలి. అంచు మందంగా ఉండిపోతే కాల్చినప్పుడు అక్కడ పచ్చిగా ఉంటుంది. ఆరబెట్టడం నా పని. ఎండకు వదిలేస్తే అంచులు ముడుచుకుని, దొంతర పెట్టేటప్పుడు విరిగిపోతాయి. ఇంకా కొంచెం మెత్తదనం ఉండగానే తీయాలి. అది గడియారం చూసి చెప్పలేం, వేళ్లతో పట్టుకుని చూడాల్సిందే. అంటే ఎండెక్కాక కాలేజీకి వెళ్లేదాకా నేను డాబా దిగలేను. కాబట్టి చదువుకు మిగిలేది తెల్లవారుజామే.

జనవరి, ఫిబ్రవరి బాగానే సాగింది. ఉగాది మార్చి 30న వచ్చింది, ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నోట్‌బుక్ తీశాను. ముందున్నది ఏప్రిల్. పైగా 2025 ఠాకురాణీ యాత్ర జరిగే ఏడాది. మా బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర రెండేళ్లకోసారి, చైత్రంలో మొదలై నెల పొడుగునా సాగుతుంది. పట్టు నేసే దేవాంగుల పెద్దను దేశీబెహెరా అంటారు. అమ్మవారు ఆయన ఇంటి ఆడపడుచు. పుట్టింటికి వచ్చినట్టుగా వచ్చి, తాత్కాలికంగా కట్టిన గుడిలో కొలువుంటుంది. రోజూ రాత్రి ఘటాలు ఊరేగుతాయి. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు, దేవుళ్ల వేషాలు, పులి వేషాలు. డప్పుల చప్పుడుకి కిటికీ అద్దాలు అదురుతాయి. చుట్టాలు వస్తారు, వాళ్ల పిల్లలు వస్తారు. అర్ధరాత్రి దాటాక పడుకుని తెల్లవారుజామున లేవడం ఎవరివల్లా కాదు. అసలు రెండేళ్లకోసారి వచ్చే ఆ సందడిని గదిలో తలుపేసుకుని వదులుకోవడం కూడా నాకిష్టం లేదు. ఊళ్లో పుట్టి ఊరి జాతర చూడకుండా చదివితే ఆ చదువు తలకెక్కదని నా అభిప్రాయం.

అందుకని ఉగాది రోజునే ఆ లైను కొట్టేసి, దాని కింద ‘యాత్ర అయ్యేవరకు కాలేజీ లైబ్రరీలో, క్లాసులయ్యాక’ అని రాశాను. పణా సంక్రాంతికి చూసుకుంటే ఆ పద్ధతి నడుస్తోంది. చదువు ఆగలేదు, యాత్రా చూశాను. తీర్మానం తప్పిపోయిందన్న దిగులు రాకపోవడం అన్నిటికన్నా పెద్ద లాభం. మన దగ్గర చాలామంది పిల్లలు ఒక వారం తప్పితే ఇక ఈ ఏడాదికి ఇంతే అని వదిలేస్తారు. మా అప్ప, అంటే మా అక్క, పదో తరగతిలో అలాగే బాధపడేది. గడువు దగ్గర్లో ఉంటే ఆ బాధ ఉండదు. పదిహేను రోజుల్లో ఇంకో కొత్త ఏడాది వస్తోంది కదా.

ఖర్చుల నోట్‌బుక్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గేట్ బజార్ నుంచి షేర్ ఆటో, క్యాంటీన్‌లో ఉప్మా ఘుగుని, జిరాక్స్, ఫోన్ రీఛార్జ్. ఇవే తిరిగి తిరిగి వస్తాయి. అయితే డిసెంబర్‌లో ఆ పేజీలు తిరగేస్తే, ఫోన్‌లో ఉన్న ఫొటోల కంటే ఏడాది అందులోనే బాగా కనిపించింది. పరీక్షల ముందు వారాల్లో జిరాక్స్ ఖర్చు ఒక్కసారిగా పెరుగుతోంది. అంటే నోట్స్ అప్పటికప్పుడు పోగేస్తున్నామన్నమాట. ఇప్పుడు మేం నలుగురం స్నేహితులం సబ్జెక్టులు పంచుకుని వారం వారం నోట్స్ రాసుకుంటున్నాం. ఏడాది చివర్లో ఏం చూసుకోవాలని అడిగారు కదా, డబ్బు ఎక్కడ పోయిందో చూడండి. టైమ్ ఎక్కడ పోయిందో కూడా అక్కడే తెలుస్తుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. నేను ఒడియా మీడియంలో చదివాను. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే. అచ్చులో ఉన్నవి చదవగలను, చేతిరాత కష్టం. మామ్మకి చూపు తగ్గాక పుస్తకాలు పక్కన పెట్టేసింది. ఆమె ట్రంకు పెట్టెలో పాత ఇన్‌లాండ్ లెటర్ల కట్ట ఒకటి ఉంది. ఇచ్ఛాపురంలో ఉండే వాళ్లక్క రాసినవి. ఇచ్ఛాపురం ఇక్కడికి పాతిక కిలోమీటర్లే, అయినా ఇళ్లల్లో ఫోన్లు లేని రోజులు కాబట్టి అక్కచెల్లెళ్ల మాటలన్నీ ఉత్తరాల్లోనే నడిచాయి.

మొదట్లో ఒక్కో ఉత్తరానికి సాయంత్రమంతా పట్టేది. పెద్దమామ్మ పదానికీ పదానికీ మధ్య ఖాళీ వదిలేది కాదు. అంచుల్లో కూడా రాసేసేది, ఉత్తరాన్ని గుండ్రంగా తిప్పుతూ చదవాలి. నేను ఒక అక్షరం దగ్గర ఆగిపోతే మామ్మ ముందు వెనక మాటలు అడిగి, ‘అది గోంగూర అయ్యుంటుంది చూడు’ అనేది. నిజంగానే గోంగూరే. ‘పచ్చడి పట్టి రైల్లో వచ్చే ఆయన చేతికిచ్చాను, గిన్నె తిరిగి పంపించు, అది అత్తగారిది’ అని ఉంది. మామ్మ చాలాసేపు నవ్వింది. ఆ గిన్నె తను పంపనే లేదట, ఇప్పటికీ మా వంటింట్లో పెరుగు తోడు పెట్టేది అందులోనేనట. పెద్దమామ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఉత్తరాల్లో మాత్రం ఆవిడ బియ్యం ధర గురించి విసుక్కుంటూనే ఉంది, చెల్లెలికి కాన్పు ఎప్పుడని అడుగుతూనే ఉంది. ఆ కాన్పులో పుట్టింది మా నాన్న.

ఈ తీర్మానాన్ని ఉగాదికి గానీ, పణా సంక్రాంతికి గానీ తీసి చూడాల్సిన అవసరం రాలేదు. లక్ష్మివారం సాయంత్రం దీపం పెట్టగానే మామ్మ కట్ట పట్టుకుని గదిలోకి వచ్చేసేది. నాకోసం ఒక మనిషి ఎదురుచూస్తుంటే నా బద్ధకానికి చోటుండదు. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే, మీ తీర్మానాల్లో కనీసం ఒకదాన్ని ఇంకో మనిషికి ముడిపెట్టమని చెబుతున్నాను. తమ్ముడికి లెక్కలు చెప్పడం కావచ్చు, నాన్నతో కలిసి పొద్దున నడవడం కావచ్చు.

డిసెంబర్ వెనక్కి చూసుకోవడానికి మంచి నెల. మా పక్కింటి ఒడియావాళ్లు మార్గశిర గురువారాల్లో వాకిలంతా బియ్యప్పిండి నీళ్లతో లక్ష్మీ పాదాలు వేసి పూజ చేస్తారు. మేమూ మార్గశిర లక్ష్మివారాలు చేస్తాం. అయితే వాళ్ల నెల పౌర్ణమి మర్నాడు మొదలవుతుంది, మనది అమావాస్య వెళ్లాక. అందుకని వాళ్ల పూజలు పక్షం రోజుల ముందే మొదలవుతాయి. మధ్యలో ఒకట్రెండు వారాలు రెండు ఇళ్లల్లోనూ పూజ ఉంటుంది, ప్రసాదాలు అటూ ఇటూ తిరుగుతాయి. ఇంట్లో అందరూ తీరిగ్గా కూర్చునే సాయంత్రాలవి. నేను నోట్‌బుక్ తీసి కూర్చునేది అప్పుడే. డిసెంబర్ 31 రాత్రి కేకులు, పాటలు, ఫోన్లలో మెసేజ్‌ల మధ్య ఆ పని కుదరదు. తీర్మానాలు రాసుకోవాలనుకునేవాళ్లు ఆ రాత్రికి వాయిదా వేయొద్దు.

2026కి నా గడువులు కొంచెం మారతాయి. ఉగాది తిథిని బట్టి వస్తుంది. పణా సంక్రాంతి సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే రోజు కాబట్టి దాదాపు కదలదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ కావడంతో ఈసారి ఉగాది మార్చి 19నే వచ్చేస్తోంది. వేసవిలో అధిక జ్యేష్ఠం పడుతుంది కనుక 2027లో మళ్లీ ఏప్రిల్ 7కి వెళ్తుంది. అంటే 2026లో రెండు కొత్త సంవత్సరాలకీ మధ్య దాదాపు నాలుగు వారాలు దొరుకుతాయి. యాత్ర కూడా లేదు. ఆ నాలుగు వారాలకి ప్రాక్టికల్ రికార్డులన్నీ పూర్తి చేయడం అని రాసుకున్నాను. తెల్లవారుజాము చదువు, ఖర్చుల నోట్‌బుక్ అలాగే ఉంటాయి. ఉత్తరాల కట్ట ఇంకా సగమే అయింది.

మీరు ఏ ఊళ్లో ఉన్నా మీకూ ఇలాంటి తేదీలుంటాయి. భోగి, ఉగాది, ఊరి జాతర, కాలేజీ తెరిచే రోజు, ఏదైనా సరే. తీర్మానం రాసిన పేజీలోనే దాన్ని మళ్లీ ఎప్పుడు చూస్తారో ఆ తేదీ కూడా రాయండి. దీనికోసం ఖరీదైన డైరీ కొననక్కర్లేదు, పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు సరిపోతాయి. పెన్సిల్‌తో వద్దు, పెన్నుతోనే రాయండి. కొట్టేసినది కూడా కనిపిస్తుంటేనే మార్చిలో మీరేం మార్చారో డిసెంబర్‌లో తెలుస్తుంది.