సీఆర్‌పీ నార్మల్ అయితే జబ్బు లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. ఏడాదిగా నోరు పిడచగట్టుకుపోతోంది, నీళ్లు లేనిదే ముద్ద దిగదు. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర. షుగర్ లేదు. ఈఎస్ఆర్ 70, సీఆర్‌పీ నార్మల్, యాంటీ-రో పాజిటివ్. షోగ్రెన్స్ కావచ్చంటున్నారు. సీఆర్‌పీ పెరగలేదంటే ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) లేనట్టే కదా? పెదవి బయాప్సీ తప్పదా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేనట్టు కాదమ్మా. షోగ్రెన్స్ అంటే మన రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద దాడి చేసే జబ్బు. సీఆర్‌పీ అనేది వాపును సూచించే ప్రొటీన్. అది కాలేయంలో తయారవుతుంది, ముఖ్యంగా ఐఎల్-6 అనే ప్రొటీన్ నుంచి సంకేతం అందినప్పుడు. షోగ్రెన్స్‌లో చాలామందికి పైచేయి టైప్-1 ఇంటర్‌ఫెరాన్‌ది, అంటే వైరస్‌లను ఎదుర్కొనేందుకు ఒళ్లు వాడే మరో సంకేత ప్రొటీన్‌ది. అది సీఆర్‌పీ తయారీని అణిచిపెడుతుంది. లాలాజల గ్రంథుల్లో మాత్రం బాఫ్ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. బాఫ్ అండతో, చనిపోవాల్సిన బి-కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాలు) బతికిపోయి, సొంత కణాల మీదికే వెళ్లే యాంటీ-రో లాంటి యాంటీబాడీలకు ఊతమిస్తాయి. ఆ యాంటీబాడీలు చచ్చిన కణాల ఆర్ఎన్ఏతో జతకట్టి మళ్లీ ఇంటర్‌ఫెరాన్‌నే ఎగదోస్తాయి. రక్తంలో యాంటీబాడీలు ఎక్కువైతే ఎర్రకణాలు గుత్తులుగా అతుక్కుని పరీక్ష గొట్టంలో త్వరగా కిందికి దిగుతాయి. ఆ దిగే వేగమే ఈఎస్ఆర్. ఈ జబ్బులో అది పెరగడానికి సాధారణంగా కారణం ఇదే. ఒక్క సీఆర్‌పీ చూసి పేషెంటును వెనక్కి పంపడం పెద్ద పొరపాటు.

పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథులను తీసి చూసే బయాప్సీకి ముందు కంటి పరీక్ష చేయించండి. ఈ జబ్బును గుర్తించే 2016 ప్రమాణాల్లో యాంటీ-రోకి 3 పాయింట్లు. మొత్తం 4 వస్తే చాలు. షిర్మర్ పరీక్షలో కింది రెప్పలో పెట్టిన కాగితం 5 నిమిషాల్లో 5 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ తడిస్తే ఒక పాయింటు. నమలకుండా, ఊరిన ఉమ్మిని ఊరినట్టే గొట్టంలో పట్టినప్పుడు నిమిషానికి 0.1 మి.లీ. మించకపోయినా ఒకటే. రెండింట్లో ఏదొచ్చినా బయాప్సీ అక్కర్లేకపోవచ్చు. అయితే హెపటైటిస్-సి లేదని ముందే తేల్చుకోవాలి. అలర్జీ, డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, అవీ నోటిని ఎండబెడతాయి.

చికిత్సలో పైలోకార్పిన్ 5 మి.గ్రా. మాత్ర, రోజుకు 3-4 సార్లు, మిగిలిన గ్రంథిని పనిచేయిస్తుంది. చెమటలు పడతాయి. అదుపులో లేని ఆస్తమా, నారో-యాంగిల్ గ్లకోమా ఉన్నవాళ్లు వాడకూడదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కీళ్లనొప్పులకు ఇస్తారు. ఎండిన నోటికి దానివల్ల పెద్దగా ఫలితం లేదు. ఉమ్మి ఊరుతుందని ఉసిరికాయ, చింతపండు చప్పరించకండి: ఆ పులుపును విరిచే లాలాజలం మీకు లేదు, ఎనామిల్ కరిగిపోతుంది. చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్, ఫ్లోరైడ్ పేస్టు మేలు.

చెవి ముందు, దవడ దగ్గర గ్రంథి వాచి తగ్గకుండా గట్టిపడినా, కాళ్ల మీద ఊదారంగు మచ్చలు వచ్చినా, రక్తంలో సీ4 అనే రక్షణ ప్రొటీన్ పడిపోయినా ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును కలవండి. ఈ జబ్బులో లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) ముప్పు పెరుగుతోందని చెప్పే గుర్తులివి.