ఆ గొయ్యి జోలికి వెళ్లకండి

ప్రశ్న: మా బాబాయి అమెరికాలో వాడిన 1979 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ నాకిచ్చారు. అంతకుముందు ఎవరో బ్రిడ్జి (తీగలు ఆనే భాగం) దగ్గర చెక్క తొలిచి హంబకర్ పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, రెండు తీగచుట్టల పరికరం) బిగించారు. నాబ్ తిప్పితే గరగరమంటోంది. తక్కువ ఖర్చుతో ఇంట్లోనే పూర్వరూపం తేవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తేవచ్చు. తొలిచిన చోట చెక్క అతికించి రంగు మాత్రం వేయకండి, ఇది నా గట్టి మాట. మూడు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్‌ల పిక్‌గార్డు (గిటార్ ముందువైపు పలక) బిగిస్తే ఆ గొయ్యి కనిపించదు. పాత పాలియెస్టర్ పూతను గీకితే మళ్లీ రాదు. కొనేముందు మీ స్క్రూ రంధ్రాల కొలతలు సరిచూసుకోండి.

గరగరకు ముందుగా నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్‌లోకి (నిరోధాన్ని మార్చే భాగం) కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, నాబ్‌ను అటూఇటూ బాగా తిప్పండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. దాని వీపు మీది అంకెలు చదవండి. 1377912 అని ఉంటే, 137 తయారీ సంస్థ గుర్తు, మిగిలినది 1979లో 12వ వారం. అలా గిటార్ నాటిదే అయితే పని చేయకపోయినా పారేయకండి, దాచండి! హంబకర్ కోసం 500 కిలో ఓములది వేసి ఉంటే 250ది పెట్టండి, లేకపోతే శబ్దం మరీ పదునుగా వస్తుంది.

వైర్లు విప్పేముందు ఫొటోలు తీయండి. హంబకర్‌ను అమ్మితే కొత్త పికప్ ఖర్చులో కొంత వస్తుంది. వదులైన స్క్రూ రంధ్రంలో ఫెవికాల్ అద్దిన సన్నని చెక్కపుల్ల దిగ్గొట్టి, రాత్రంతా ఆరనివ్వండి. ఫ్రెట్లు (మెడ మీది లోహపు కమ్మీలు) అరగదీయడం మాత్రం అనుభవమున్న పనివాడికే ఇవ్వండి.